మార్లిస్‌ని మూడుసార్లు అడగాలి

మార్లిస్ ఎంగెబ్రెట్సన్ వంటింట్లో ఏటా ఆగస్టు చివరి వారంలో ఒక క్లాసు జరుగుతుంది. బల్ల చుట్టూ ఎనిమిది మందో పది మందో పిల్లలు కూర్చుంటారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో మా ఊరి కాలేజీలో చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. ముందురోజే విమానం దిగి ఉంటారు కాబట్టి కళ్ళు మూతలు పడుతుంటాయి. బల్ల మధ్యలో రేకు పళ్ళెం నిండా అప్పుడే పొయ్యి దిగిన తీపి బార్లు, కేకులా కాల్చి చదరాలుగా కోసేవి, ఉంటాయి. మార్లిస్ చాకు పట్టుకుని నిలబడుతుంది. పాతికేళ్ళు బడి బస్సు తోలిన గొంతు కదా, వీధి చివరికి వినిపిస్తుంది.

"ఎవరన్నా మీకో బారు ముక్క పెట్టబోయారనుకోండి. మొదటిసారి అడిగితే ఏమనాలి?"

"వద్దండీ," అంటారు అందరూ కలిసి.

"రెండోసారి?"

"అయ్యో, వద్దండీ. మీకెందుకు శ్రమ."

"మూడోసారి?"

"సరేనండీ, మీరింతగా అంటున్నారు గనక, ఒక చిన్న ముక్క."

"శెభాష్. ఈ ఒక్క ముక్క వచ్చిందంటే మీకు మిన్నెసోటా వచ్చేసినట్టే. మిగతాదంతా మంచే!" అని తన హాస్యానికి తనే నవ్వుకుని, అప్పుడు పెడుతుంది. అప్పటిదాకా ఆ వాసన పీలుస్తూ పిల్లలు లొట్టలు వేయాల్సిందే.

తరువాత పాఠం, పళ్ళెంలో ఆఖరి ముక్క గురించి. దాన్ని ఎవరూ తీసుకోకూడదు. మరీ తినాలనిపిస్తే సగం కోసుకోవాలి. తరువాతివాడు ఆ సగంలో సగం కోసుకుంటాడు. మా చర్చిలో కాఫీలయ్యాక పళ్ళేలు కడిగేది నేనే కాబట్టి చెబుతున్నాను, ప్రతి పళ్ళెంలోనూ గోరంత ముక్క ఒకటి మిగిలి ఉంటుంది. ఎవరూ చూడకుండా నేనే తినేస్తాను.

ఆ పైన మాటల అర్థాలు. మావాళ్ళు "పర్లేదు" అన్నారంటే అద్భుతంగా ఉందని. "అదోరకంగా ఉందే" అన్నారంటే ఇంకెప్పుడూ ఆ పని చేయవద్దని. నాలుగు రోడ్ల కూడలికి నాలుగు కార్లు ఒకేసారి వస్తే నలుగురూ "మీరు పోండి" అని చేతులు ఊపుకుంటూ కూర్చుంటారు. ఆ సంగతి ముందే తెలియకపోతే కొత్తవాళ్ళు కారు పాడైందనుకుంటారు.

నా పేరు ఆర్డిస్ హౌగెన్. మార్లిస్ పెరటి గుమ్మానికి ఎదురుగా నా పెరటి గుమ్మం. పోస్టాఫీసు కిటికీ వెనక ముప్ఫై ఆరేళ్ళు కూర్చుని, పోయినేడాదికి ముందేడాది లేచాను. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అంటారు, అంటే వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు, నా మొహం మీద ఎవరంటారు? అదే నా కోపమంతా. ఈ ఊళ్ళో ఎవరూ మనసులో మాట నోటితో చెప్పరు. నేనూ చెప్పను. అందుకే కోపం.

మార్లిస్ ఈ పని ఎవరు చెబితేనో మొదలుపెట్టలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఒక జనవరిలో, పిల్లల్ని దింపేసి ఖాళీ బస్సుతో వస్తుంటే రోడ్డు పక్కన ఒకడు నిలబడి ఉన్నాడట. పల్చటి చొక్కా మీద పల్చటి కోటు, చేతిలో పెట్టె. పెరూ దేశం వాడు. బస్సాపి "ఎక్కు నాయనా" అంది. వాడు వద్దన్నాడు. మర్యాద తెలిసిన పిల్లాడనుకుని మళ్ళీ అడిగింది. వాడు మళ్ళీ వద్దన్నాడు. మూడోసారీ వద్దన్నాడు. ఖాళీ పసుప్పచ్చ బస్సులో ఒక్కత్తే కూర్చుని పిలుస్తున్న ఆవిణ్ణి చూసి వాడికి భయమేసిందట, అంతే. నాలుగోసారి చలికి భయపడి ఎక్కాడు. ఇంటికి తీసుకొచ్చి సూపు పోసి, మొగుడి కోటు వాడికి తొడిగి పంపింది. సాయంత్రం ఆర్విల్ వచ్చి "నా కోటేదే?" అన్నాడు. "పెరూ వెళ్ళింది," అంది మార్లిస్.

అక్కణ్ణుంచి ఇంటి కింద నేలమాళిగ కోట్ల కొట్టయి కూర్చుంది. ఊళ్ళో ఎవరింట్లో పాత చలికోటున్నా అక్కడికే. ఒక పద్ధతి పెట్టింది. కోటు తీసుకున్న పిల్లో పిల్లాడో చదువైపోయి వెళ్ళేటప్పుడు, ఉతికి తెచ్చి, లోపలి గుడ్డ మీద తన పేరూ దేశం పేరూ సిరాతో రాసి తగిలించి పోవాలి. కొన్ని కోట్ల మీద ఏడెనిమిది పేర్లున్నాయి. ఆర్విల్ కోటు మీద పదకొండు, మొదటిది ఆ పెరూవాడిదే. ఆర్విల్ పోయి ఆరేళ్ళయింది, ఆ కోటు మాత్రం ఇప్పటికీ ఏదో ఒక దేశం వాడి ఒంటి మీద ఊళ్ళో తిరుగుతూనే ఉంటుంది. మార్లిస్ కిటికీలోంచి చూసి, "అదుగో, కాలేజీకి పోతున్నాడు," అంటుంది. చదువు అబ్బని మనిషి పాపం, పోయాక కాలేజీకి వెళ్ళాడు.

అందరూ చెప్పినట్టు వింటారని కాదు. మంగోలియా నుంచి గంజోరిగ్ అని ఒకడొచ్చాడు. మార్లిస్ చలి గురించి చేసే ఉపన్యాసమంతా, చెవులు ఎలా ఊడిపోతాయో, ఇంజను గడ్డకట్టకుండా కారుకి రాత్రంతా కరెంటు తీగ ఎందుకు పెట్టాలో, శ్రద్ధగా విన్నాడు. డిసెంబరులో వచ్చి, "మీరు చెప్పిన చలికాలం ఎప్పుడొస్తుందండీ?" అన్నాడు. మార్లిస్ వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

ఫాత్సిమో సంగతి వేరు. బోట్స్వానా పిల్ల. వాళ్ళ ఊళ్ళో ఎవరన్నా ఏదన్నా పెడితే రెండు చేతులూ చాచి అందుకోవాలట, వద్దంటే పెట్టినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందట. మార్లిస్ క్లాసు రోజున దాని విమానం ఆలస్యమైంది. క్లాసు వినకుండా తిన్నగా మా చర్చి కాఫీకి వచ్చింది. మొదటిసారి అడగ్గానే రెండు చేతులూ చాచి తీసుకుంది. "ఇంకోటి?" అంటే ఇంకోటి తీసుకుంది. చివరికి పళ్ళెంలో మిగిలిన ఆఖరి ముక్కని కూడా, పాపం దానికెవరూ లేరన్నట్టు, నోట్లో వేసుకుంది. "అదోరకంగా ఉందే," అన్నారు ఇద్దరు ఆడవాళ్ళు. మార్లిస్ దాన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయి, సాయంత్రం దాకా ఒక్కదానికే క్లాసు చెప్పింది. ఇప్పుడు ఫాత్సిమో నాలుగో ఏడు. మార్లిస్‌ని మ్మా అంటుంది. వాళ్ళ భాషలో పెద్దావిడని అలా పిలుస్తారు. నన్నూ అంటుంది గానీ, మార్లిస్‌ని పిలిచేటప్పుడు ఆ మాట కొంచెం సాగుతుంది.

ఇక జరిగింది చెబుతాను.

ఈ ఏడాది మేలో కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి కొత్త అధికారి వచ్చింది. కార్లా బెవిలాక్వా. న్యూజెర్సీ మనిషి. చకచకా నడుస్తుంది, చకచకా మాట్లాడుతుంది, అడిగినదానికి సమాధానం చెబుతుంది. మంచి మనిషే. ఒకరోజు పూలగుత్తి పట్టుకుని మార్లిస్ ఇంటికొచ్చింది. నేనక్కడే కాఫీ తాగుతున్నాను.

"మార్లిస్ గారూ, మీ గురించి అందరూ చెప్పారు. ఈ ఏడాది కూడా పిల్లల్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, ఈ క్లాసులూ, కోట్లూ, ఇవన్నీ మీరే చూసుకుంటారా?"

"అయ్యో, నేనెందుకులెండి," అంది మార్లిస్. "డెబ్బై రెండేళ్ళ ముసలిదాన్ని. వయసులో ఉన్నవాళ్ళెవరన్నా ఉంటే చూసుకోండి."

అలా అంటూనే బార్ల పళ్ళెం దగ్గరికి జరిపి చాకు అందుకుంది, రెండోసారి అడిగేటప్పుడు చేతికి పనుండాలి కదా. నేనూ కప్పు కింద పెట్టి రెండోసారి కోసం చూస్తున్నాను.

"అర్థమైందండీ," అంది కార్లా. "ముప్ఫై ఒక్క ఏళ్ళంటే మాటలా! ఇంక హాయిగా విశ్రాంతి తీసుకోండి. చాలా చాలా థాంక్స్." మార్లిస్‌ని గట్టిగా కౌగిలించుకుని, బార్ ఒకటి మొదటిసారికే తీసుకుని, వెళ్ళిపోయింది. మా ఊళ్ళో వెళ్ళొస్తానన్నవాడు కుర్చీ దగ్గర అరగంట, గుమ్మంలో పావుగంట, కారు అద్దం దించి ఇంకో పావుగంట మాట్లాడాక గానీ కదలడు. ఈవిడ కారు అప్పటికే మలుపు తిరిగింది.

మార్లిస్ చాకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇంకా రెండుసార్లుంది కదే," అంది నాతో, చిన్నగా.

"మర్చిపోయి ఉంటుందిలే. రేపొస్తుంది."

మర్నాడు రాలేదు. జూన్‌లో రాలేదు, జులైలో రాలేదు. కాలేజీవాళ్ళు ఒక బస్సు మాట్లాడారనీ, పిల్లలకి ఫోనులో చూసుకునేలా ఏదో వీడియో చేయిస్తున్నారనీ తెలిసింది.

"నువ్వే ఫోన్ చేసి చెప్పొచ్చు కదే, చేస్తానని," అన్నాను.

"చాల్లే! అడిగి చేయించుకోవడమా? పనిలేక కూర్చున్నాననుకోదూ?"

"పనిలేకే కూర్చున్నావుగా."

"నోర్మూసుకుని కాఫీ తాగు."

ఆ వేసవంతా మార్లిస్, ఏటా ఎయిర్‌పోర్టు నుంచి పిల్లల్ని తెచ్చే తన వ్యాన్‌ని కడుగుతూనే ఉంది. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ. లోపల సీట్లు తీసి దులిపి పెట్టింది. ఆర్విల్ పోయినప్పుడు కూడా ఇంత మౌనంగా లేదు, అప్పుడు కనీసం వచ్చినవాళ్ళకి వండి పెట్టింది. ఒకరోజు ఇంక చూడలేక, కార్లాతో తాడోపేడో తేల్చుకుందామని, కొట్లో పాల అర దగ్గర పట్టుకున్నాను.

"మార్లిస్ వ్యాన్ కడిగింది," అన్నాను.

"ఓహో, మంచిది."

"టైర్లు కూడా కొత్తవి వేయించింది."

"ఎక్కడికన్నా ప్రయాణమా అండీ?"

"ఏమో మరి. ఆగస్టంతా ఖాళీగానే ఉంటుంది."

"అబ్బ, అదృష్టవంతురాలు!" అని పాలు తీసుకుని పోయింది.

మా ఊళ్ళో అయితే అంతకన్నా విప్పి చెప్పడం ఉండదు. నడివీధిలో నిలబడి గావుకేకలు పెట్టినట్టే లెక్క. ఆవిడకి ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆగస్టు మూడో శుక్రవారం మార్లిస్ నన్ను పిలిచింది. నేలమాళిగలోంచి కోట్లన్నీ పైకి తెచ్చి అట్టపెట్టెల్లో సర్దుతోంది. హాలంతా కోట్లే.

"పక్కూరి చర్చివాళ్ళు రేపు పన్నెండింటికి ట్రక్కు పంపుతారు. అక్కడ ఎవరికో ఒకరికి పనికొస్తాయి," అంది. నా మొహం చూడలేదు.

"ఆర్విల్‌ది కూడానా?"

"కోటు కోటే కదే."

ఇద్దరం సర్దుతున్నాం. అప్పుడొచ్చింది ఫాత్సిమో, సెలవులకి ఊరెళ్ళి వచ్చి, మార్లిస్ కోసం ఏదో పొట్లం పట్టుకుని. గుమ్మంలోనే ఆగిపోయింది.

"మ్మా, ఇదేంటి? మంగళవారం కొత్తవాళ్ళు దిగుతుంటే కోట్లు కట్టేస్తున్నారేంటి?"

"ఈ ఏడాది నుంచి నేను చూడటం లేదమ్మా. బస్సు మాట్లాడారట. పెద్దదాన్నయ్యాను కదా," అని మార్లిస్ పెట్టె పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది.

ఫాత్సిమో నా వైపు తిరిగింది. "ఏం జరిగింది, మ్మా ఆర్డిస్?"

మేలో జరిగింది చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, "కార్లా గారు ఎన్నిసార్లడిగారు?" అంది.

"ఒక్కసారి."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

అంతే, ఆ పిల్ల కోట్ల గుట్ట మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ మనిషి ప్రాణం పోతుంటే నవ్వేమిటి? అంతలో కళ్ళు తుడుచుకుని, "అయితే ఇంకా వద్దన్నట్టే కాదుగా!" అని లేచి, పొట్లం నా చేతిలో పెట్టి, కాలేజీ వైపు పరుగెత్తింది.

శనివారం పొద్దున పదిన్నరకి కార్లాని వెంటబెట్టుకుని వచ్చింది. నేను ఏదో పనున్నట్టు అప్పటికే అక్కడ ఉన్నాను. మార్లిస్ కాఫీ పోసింది. కార్లా హాల్లో ఉన్న పెట్టెల్ని చూసింది, కూర్చుంది, సూటిగా అడిగేసింది.

"మార్లిస్ గారూ, ఆ రోజు మీరు వద్దన్నారు గానీ, మళ్ళీ అడుగుతున్నాను. ఈ ఏడాది కూడా మీరు చేస్తారా?"

రెండోది! మార్లిస్ చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచింది. డెబ్బై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

"అయ్యో, వద్దులెండి. మీకెందుకు శ్రమ. నాకు మోకాళ్ళు కూడా బాగుండటం లేదు. మెట్లెక్కితే పట్టేస్తున్నాయి."

మోకాళ్ళు! నిన్న ఆ మెట్ల మీద నూట నలభై కోట్లు పైకి మోసిన మోకాళ్ళు! నేనైతే బల్ల కింద నుంచి తన్నేదాన్నే, కాలు అందలేదు.

కార్లా మొహం వాడిపోయింది. ఫాత్సిమో ఆమె వెనక నుంచి మూడు వేళ్ళు చూపించి, కళ్ళు పెద్దవి చేసింది. కార్లా చూసింది.

"అవునవును, మూడింటికి మీటింగు, గుర్తుంది," అని లేచింది. "మోకాళ్ళ నొప్పి అంటే నేనింక బలవంతపెట్టకూడదు. మా అమ్మకీ అంతే. జాగ్రత్తండీ." మళ్ళీ కౌగిలింత, మళ్ళీ గుమ్మం.

ఫాత్సిమో మమ్మల్ని చూసింది, కార్లాని చూసింది, నోరు తెరిచి మూసేసింది. మూడేళ్ళు మా మధ్య ఉండి ఆ పిల్ల కూడా చెడిపోయింది. నేను దాని చెవిలో, "ఏం చెప్పి తీసుకొచ్చావే?" అన్నాను.

"ఇంకోసారి అడిగి చూడండన్నాను."

"ఇంకోసారా! ఇంకో రెండుసార్లు అనక్కర్లా?"

కారు స్టార్టయిన చప్పుడు. మార్లిస్ బల్ల దగ్గరే నిలబడి ఉంది. చేతిలో గుడ్డతో, తుడిచిన చోటే తుడుస్తోంది. గోడ గడియారంలో పదకొండు దాటింది. గంటలో ట్రక్కొస్తుంది. మార్లిస్ ఆ పెట్టెల వంక చూసింది. అన్నిటి పైనా ఆర్విల్ కోటు మడత పెట్టి ఉంది.

గుడ్డ బల్ల మీద పడేసింది. ఆ మోకాళ్ళతోనే గుమ్మం దాటి, మెట్లు రెండేసి దిగి, గడ్డికి అడ్డంగా పడి పరుగెత్తింది. మేమిద్దరం వెనకాల. కారు వెనక్కి వస్తోంది. మార్లిస్ అద్దం మీద దబదబా కొట్టింది. కార్లా కంగారుగా అద్దం దించింది.

"ఏమైందండీ?"

మార్లిస్‌కి ఆయాసం. మెడ దాకా ఎర్రబడి ఉంది. ఈ రాష్ట్రంలో పుట్టినవాళ్ళెవరూ నోటితో అనగా నేను వినని మాట అంది.

"మీరు రెండుసార్లే అడిగారు."

కార్లాకి అర్థం కాలేదు. "రెండుసార్లే..."

"మేలో ఒకటి. ఇందాకొకటి. రెండే."

కార్లా ఫాత్సిమో వైపు చూసింది. ఫాత్సిమో మళ్ళీ మూడు వేళ్ళెత్తింది. ఈసారి కార్లా ఆ వేళ్ళ వంక, మార్లిస్ వంక, మళ్ళీ వేళ్ళ వంక చూసి, ఇంజను ఆపేసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో దేవుడా. ఈ వేసవంతా... మీరు..."

"పర్లేదు," అంది మార్లిస్. ఆ మాట మాత్రం ఈసారి అద్భుతంగా ఉందని కాదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోలేదు.

కార్లా కారు దిగింది. నడివీధిలో, మార్లిస్ రెండు చేతులూ పట్టుకుని, పెళ్ళికి పిలిచినట్టు మెల్లగా మొదలుపెట్టింది. "మార్లిస్ గారూ, ఈ ఏడాది కూడా మా పిల్లల్ని మీరే..."

"చేస్తాను," అంది మార్లిస్. అవతలి మనిషి మాట పూర్తి కూడా కాలేదు. "సరేనండీ, మీరింతగా" లేదు, "చిన్న ముక్క" లేదు. చేస్తాను, అంతే. నాకు ఏడుపొచ్చింది. ఫాత్సిమో నా భుజం మీద తల పెట్టి ఒకటే నవ్వు.

తరువాత కార్లా వీధిలో నిలబడి గంటసేపు వెళ్ళొస్తానంది. ఎవరు ఎన్నింటికి దిగుతారు, ఎన్ని ట్రిప్పులు పడతాయి, వీడియో ఏం చెయ్యాలి, అన్నీ అక్కడే తేలాయి. వీడియో మార్లిస్‌కి చూపించింది కూడా. మార్లిస్ చివరిదాకా చూసి, "అదోరకంగా ఉందే," అంది. కార్లా సంబరపడిపోయింది. మేమెవరమూ ఏం చెప్పలేదు.

ట్రక్కువాడు వస్తే కాఫీ పోసి, బార్లు పెట్టి, ఖాళీగా పంపేశాం. అతనూ మావాడే, మూడోసారికి తిన్నాడు.

ఇక ఆ నూట నలభై కోట్లూ మళ్ళీ కిందికి చేరాలి. మార్లిస్ చీకటి మెట్ల దగ్గర లైటు వేసి, ఆర్విల్ కోటు తను తీసుకుని, పెద్ద పెట్టె నా వైపు తోసింది.

"ఆర్డిస్, కాస్త సాయం పడతావా?"

"అయ్యో, నేనెందుకే. నా వల్ల ఏమవుతుంది," అన్నాను, అలవాటు కొద్దీ.

"ఇంకోసారి అడగను," అంది మార్లిస్. "పట్టుకో."